పైడమ్మ ఫోన్‌లో తెరుచుకోవాలి

వెబ్‌సైట్లు తయారుచేసే పనిలో ఇరవై ఆరేళ్ళుండి, పోయిన ఏడాది కుర్చీ ఖాళీ చేశాను. అంతకుముందు ఓ ఆరేళ్ళు విశాఖపట్నం ద్వారకా నగర్‌లో ఒక కలర్ ల్యాబ్‌లో ఫోటోలు ప్రింటు తీసేవాణ్ణి. ఈ రెండు పనులూ ఒకటేనన్న సంగతి రిటైరయ్యాక గానీ నా బుర్రకు తట్టలేదు. ల్యాబ్‌లో జనం కౌంటరు దగ్గర నిలబడి ఫోటోల కోసం ఎదురుచూసేవారు. తరవాత ఫోన్ చేతిలో పట్టుకుని ఎదురుచూశారు. ఆ ఎదురుచూపును కాస్త తగ్గించడమే నేను చేసిన ఉద్యోగం.

మా వీధిలో అమ్మాయి ఒకతి ఈమధ్య వెబ్ కంపెనీలో చేరుతూ, "సత్తిబాబు అంకుల్, మీ పనిలో ముఖ్యంగా తెలుసుకోవలసిందేంటి?" అని అడిగింది. ఇడ్లీ తింటూ చెప్పే జవాబు కాదది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఎవరు ఎప్పుడు మేనేజరయ్యారు, ఏ సర్టిఫికెట్ గోడకు తగిలించారు లాంటివి ఇందులో ఉండవు. అవి చదివి బాగుపడ్డవాణ్ణి నేను చూడలేదు. నాకు పాఠం చెప్పినవాటిలో ఎక్కువ నా తప్పులే. వాటిలోకెల్లా పెద్దదాన్ని దాచకుండా చెబుతాను.

మూర్తిగారి ఊపిరి

నా మొదటి బాస్ మూర్తిగారు. వాళ్ళ నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. మా నాన్న గోదావరి నుంచి అదే పనికి వచ్చినవాడు గనక, ఆ చుట్టరికంతోనే నన్ను పనిలో పెట్టుకున్నారేమోనని నాకు ఇప్పటికీ అనుమానం. ఆఫీసు ఒక కోచింగ్ సెంటర్ మీద అంతస్తులో ఉండేది. కింద పిల్లలు ఫార్ములాలు వల్లెవేస్తుంటే పైన మా కుర్చీలు అదిరేవి.

కొత్త పేజీ ఏది తయారుచేసినా మూర్తిగారు వచ్చి వెనక నిలబడేవారు. "గాలి పీల్చి బిగబట్టాను. ఇప్పుడు తెరువు" అనేవారు. ఆయన ఊపిరి వదిలేలోగా ఫోటోలన్నీ వచ్చేస్తే ఆ పేజీ పాసు. రాకపోతే మాటల్లేవు, వెనక్కి. టెలిఫోన్ తీగ మీద నెట్ వచ్చే రోజులవి. ఫోటో పైనుంచి కిందికి గీత గీతగా దిగేది. పెళ్ళికూతురి బాసికం కనబడ్డాక కళ్ళు కనబడేదాకా మా గుండెలు పీచుపీచుమనేవి.

అసలు సంగతి ఏమిటంటే మూర్తిగారికి ఉబ్బసం. ఆయన ఊపిరి ఎంతోసేపు ఆగదు. ఒకసారి ఉక్రోషం వచ్చి, "నేను బిగబడతాను సార్, నాదైతే చాలాసేపు ఆగుతుంది" అన్నాను. ఆయన నవ్వలేదు. "గట్టి ఊపిరి ఉన్నవాడు ఎలాగైనా ఆగుతాడయ్యా. ఆగలేనివాడికి అందేలా చెయ్యి. అప్పుడు అందరికీ అందుతుంది" అన్నారు.

అప్పట్లో ఇది చాదస్తంలా అనిపించింది. వెనకాల ఆయన్ని వెక్కిరించిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఒక అబద్ధం

మూర్తిగారు పనులు మానుకుని ఇంటిపట్టున ఉన్నాక ఆఫీసుకు పెద్ద పెద్ద తెరలు, ఫైబర్ నెట్ వచ్చాయి. చిటికేస్తే పేజీ తెరుచుకునేది. ఊపిరి బిగబట్టే ఆచారం తెలియకుండానే పోయింది.

ఆ రోజుల్లోనే ఒక టీచరమ్మ ఫోన్ చేసింది. వాళ్ళ స్కూలు వార్షికోత్సవం ఫోటోలు మేమే సైటులో పెట్టాం. "తెరుచుకోవట్లేదండీ, గుండ్రంగా తిరుగుతానే ఉంది" అంది. నా తెర మీద చూశాను, భేషుగ్గా ఉంది. "మీ ఫోన్ పాతదై ఉంటుందండీ" అన్నాను. నెల తిరక్కుండా ఆవిడ మళ్ళీ చేసింది. "కొత్త ఫోన్ కొన్నానండీ. ఇప్పుడూ తిరుగుతానే ఉంది." గొంతులో కోపం కూడా లేదు. కోపం ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది.

మా వృత్తిలో అన్నిటికన్నా చవకైన అబద్ధం ఇదే. తప్పు కస్టమరు ఫోనుదని, సిగ్నలుదని, వాళ్ళ వేలుదని చెప్పెయ్యడం. అవతలి మనిషికి మన పని తెలియదు గనక నమ్మేస్తారు. నేను చాలాసార్లు చెప్పాను. ఒక్కసారి సిగ్గుపడ్డాను. సిగ్గుపడ్డాక కూడా పూర్తిగా మానలేదు, ఆ మాట కూడా ఒప్పుకోవాలి.

ఖాదర్ భాయ్ స్టూడియో

ఖాదర్ భాయ్ నాకు కలర్ ల్యాబ్ నాటి స్నేహితుడు. పాత నగరంలో ఇరుకు సందులో స్టూడియో. పెళ్ళి తీసిన మర్నాడు ఉదయమే రీళ్ళు సంచిలో వేసుకుని మా కౌంటరుకు వచ్చేవాడు. ప్రింటులో పసుపు ఒక్క రవ్వ పాలిపోయినా, "సత్తి భాయ్, ఇది పసుపా, నిమ్మరసమా?" అని వెనక్కిచ్చేవాడు. రంగు చూడ్డం నాకు ఆ ల్యాబ్ ఓనరు నేర్పలేదు, ఖాదర్ భాయ్ నేర్పాడు.

ఇప్పుడు కెమెరా ఆయన కూతురు షబానా చేతిలో ఉంది. తండ్రి కన్ను ఆ పిల్లకు వచ్చింది, ఓపిక ఇంకా ఎక్కువ వచ్చింది. సొంతంగా సైటు పెట్టించింది. ఫంక్షన్ అయిన మూడో రోజుకల్లా ఫోటోలన్నీ గ్యాలరీలో పెట్టి, ఆ లింకు ఇంటివాళ్ళకు పంపేది. అయినా బుకింగులు తగ్గుతూ వచ్చాయి.

ఒకరోజు పిలిస్తే వెళ్ళాను. ఖాదర్ భాయ్ టీ తెప్పించి, సూటిగా విషయానికొచ్చాడు.

"ఈ మాఘం చూస్తా సత్తి భాయ్. పెళ్ళిళ్ళ సీజన్ కదా. అప్పటికీ జనం రాకపోతే షట్టర్ దించేస్తా. షాపు మా అన్నకిచ్చేస్తా, అత్తర్లు పెట్టుకుంటానంటన్నాడు. షబానా ఏదో ఆఫీసులో చేరిపోతాది."

షబానా తల వంచుకుని లెన్స్ తుడుస్తోంది. తుడిచిన లెన్సునే మళ్ళీ తుడుస్తోంది.

"ఫోటోలు బాగోలేదని ఎవరూ అనట్లేదంకుల్" అంది మెల్లగా. "అసలు ఎవరూ చూడట్లేదు. లింకు నొక్కుతారు, తిరుగుతాది, మూసేస్తారు. ఇంక నా పేరు పక్కవాళ్ళకి ఎవరు చెప్తారు?"

నేను నా ఫోన్‌లో తెరిచాను. చాలాకాలం తరవాత మూర్తిగారు గుర్తొచ్చి ఊపిరి బిగబట్టాను. వదిలాను. మళ్ళీ బిగబట్టాను. మూడోసారికి మొదటి ఫోటో సగం దిగింది.

రోగం తెలుసుకోవడం కష్టమేం కాలేదు. కెమెరాలోంచి వచ్చిన ఫోటో వచ్చినట్టే సైటులో పెట్టేశారు. ఒక్కో ఫోటో గోడకు అంటించే ఫ్లెక్సీ అంత. ఫోన్ తెర చూస్తే అరచేతి అంత. ఫోన్ పాపం గోడంతా మోసుకొచ్చి, అరచేతిలోకి కుదించి చూపించాలి. అదీ ఒక్కటి కాదు, నాలుగు వందల ఫోటోలు ఒకేసారి గుమ్మం దగ్గర తోసుకుంటున్నాయి.

మందు కూడా పాతదే. ప్రతి ఫోటోకూ చిన్నది, మధ్యరకం, పెద్దది అని మూడు నకళ్ళు చేసి, ఏ తెరకు ఏది సరిపోతే అది పంపాలి. చూసేవాడు వేలితో పైకి జరుపుతున్నకొద్దీ కింది ఫోటోలు రావాలి గానీ అన్నీ ఒక్కసారి రాకూడదు. ఫోటో వచ్చేలోగా దాని చోటు ఖాళీగా అట్టే పెట్టాలి, లేకపోతే పేజీ ఎగిరెగిరి పడుతుంది.

ఖాదర్ భాయ్ అడ్డం తిరిగాడు. "క్వాలిటీ తగ్గిస్తావా? నలభై ఏళ్ళ పేరు భాయ్ నాది."

వాదించలేదు నేను. ఒక పెళ్ళికూతురి ఫోటోకు తేలిక నకలు తయారుచేసి, అసలు ఫోటో పక్కన పెట్టి, షబానా ఫోన్‌లో చూపించాను. ఏది ఒరిజినలో చెప్పమన్నాను. కళ్ళజోడు పైకి తోసి, ఫోన్ ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇదే. జరీ చూడు, ఒక్కో పోగూ లెక్కపెట్టొచ్చు" అని తేలిక నకలు మీద వేలు పెట్టాడు. షబానా చాలా రోజుల తరవాత నవ్వడం చూశాను.

అప్పలనాయుడి షష్టిపూర్తి

పని సగంలో ఉండగా అప్పలనాయుడిగారి షష్టిపూర్తి వచ్చింది. ఉక్కు కర్మాగారంలో పనిచేసిన మనిషి, ఆ నెలలోనే రిటైర్మెంటు. ఉక్కునగరంలో వాళ్ళ సెక్టారులో ఏ ఇంట్లో శుభకార్యమైనా వంటవాడెవరు, ఫోటోలెవరు అని ఆయన్ని అడిగి పెట్టుకుంటారు. ఆయన బాగుందంటే షబానాకు ఆ మాఘం నిండిపోతుంది. బాగోలేదంటే అత్తరు షాపే. ఇది మా ముగ్గురికీ తెలుసు.

ఆ షష్టిపూర్తికి ఒకే ఒక్క వెలితి. నాయుడిగారి తల్లి పైడమ్మ రాలేకపోయింది. ఎనభై ఏళ్ళ పైమాటే. పెందుర్తిలో కూతురి దగ్గర ఉంటూ గుమ్మంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనయి మంచం మీద ఉంది. కొడుకు వేడుక ఫోన్‌లోనైనా చూస్తానని కూర్చుంది. ఫోటోలు గ్యాలరీలో పెట్టినరోజు నుంచీ కూతురు ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరా డాబా మీదా తిరుగుతూనే ఉంది. తెరుచుకోవట్లేదు.

నాయుడిగారు షబానాకు రోజుకు రెండుసార్లు ఫోన్ చేశారు. "అమ్మా, మాయమ్మ అడుగుతన్నాది. ఏటయినాది?" షబానా నాకు ఫోన్ చేసింది. నేను ఆత్రపడ్డాను. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అనలేదు.

నా తప్పు ఇది. డిజిటల్ ఫోటో లోపల కనబడని చీటీ ఒకటుంటుంది. ఏ కెమెరా, ఏ తేదీ లాంటివి రాసి ఉంటాయి అందులో. అదీ కాస్త బరువే కదా, అదీ తీసేస్తే ఇంకో రవ్వ తేలికవుతుందని, ఆ చీటీలన్నీ పీకేసే ప్రోగ్రాం రాసి నాలుగు వందల ఫోటోల మీదికీ తోలాను. ఆ చీటీలోనే ఇంకో చిన్న మాట కూడా ఉంటుంది. ఫోటోగ్రాఫర్ కెమెరాను నిలువుగా తిప్పి తీస్తే, ఈ ఫోటోకు పైవైపు ఇది అని కెమెరా అందులో రాసుకుంటుంది. ఆ మాట పోతే నిలువు ఫోటోలన్నీ అడ్డంగా పడిపోతాయి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్టయింది నా తెలివి.

నేను సరిచూసుకోలేదా అంటే, చూసుకున్నాను. పరీక్షకు పెట్టుకున్న ఇరవై ఫోటోలూ అడ్డంగా తీసినవే. తరవాత సైటు తెరిచి చూస్తే నా కంప్యూటరు అంతకుముందు దాచుకున్న పాత ఫోటోలనే చూపించింది. అంతా దివ్యంగా ఉందనుకుని, ఉదయం పదింటికి లింకు పంపించేసి, టీ తాగడానికి కిందికి దిగాను.

కూతురు డాబా మీద చాలాసేపు పట్టుకుని తెచ్చిన ఫోన్‌లో పైడమ్మకు మొట్టమొదట కనబడ్డ ఫోటో ఏమిటో చెప్పాలి. షష్టిపూర్తిలో దంపతులను పీటల మీద కూర్చోబెట్టి కలశాలతో నీళ్ళు పోస్తారు కదా. షబానా నాయుడిగారి ఒక్కరి ముఖం మీదికి వెళ్ళి నిలువుగా తీసింది. మెళ్ళో దండ. ఒళ్ళంతా తడి. కళ్ళు మూసుకుని ఉన్నారు. మీద నీళ్ళు పోస్తున్న చుట్టాల చేతులు. నిలువుగా చూస్తే ఆ ఆల్బంలోకెల్లా గొప్ప ఫోటో అది.

దాన్ని నేను పడుకోబెట్టాను. దండ వేసి, కళ్ళు మూసి, చుట్టూ చేరి, పడుకోబెట్టి నీళ్ళు పోసేది ఎప్పుడో ఏ తల్లికీ ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం

నాయుడిగారు మర్నాడు మధ్యాహ్నం స్టూడియోకు వచ్చారు. నన్నూ రమ్మన్నారు. అరుస్తారని సిద్ధపడి వెళ్ళాను. ఆయన అరవలేదు.

"నాను గొడవ సెయ్యడానికి రాలేదండి. మావోళ్ళు ఫోన్ సేసి, ఏటి బావా, పడుకొని తానం సేత్తన్నావ్ అని నవ్వినారు. నానూ నవ్వీసినాను. మాయమ్మకి నవ్వు రాలేదు. నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. నాను ఎల్లి ఎదర కూకుంటే, నా సెయ్యి తడిమి సూస్తన్నాది."

అంతవరకే చెప్పగలిగారు. నాకు తల ఎత్తాలనిపించలేదు.

ఖాదర్ భాయ్ కూతురి వైపు తిరిగి, "సైటు తీసేయించు. ఇంక చాలు" అన్నాడు.  ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు. తప్పు తనది కాదని ఆమెకు తెలుసు. నాదని కూడా తెలుసు. నన్ను చూపించి చెప్పలేదు.

అదే పాత అబద్ధం నా నాలుక చివరికి వచ్చింది. మీ ఫోనే తిప్పేసి ఉంటుందండీ అనొచ్చు. నాయుడిగారు నమ్ముతారు, స్టూడియో పేరు దక్కుతుంది, నా పరువూ దక్కుతుంది. కొత్త ఫోన్ కొన్న టీచరమ్మ గుర్తు రాకపోతే అనేసేవాణ్ణే.

"ఈ అమ్మాయి తీసిన ఫోటోలో ఏ తప్పూ లేదండి. పడుకోబెట్టింది నేను. తొందరలో చూసుకోకుండా పంపాను" అన్నాను. "రేపు మీ అమ్మగారి దగ్గరికి నేనే వస్తాను."

నాయుడిగారు నన్ను ఎగాదిగా చూశారు. "రండి. ఏటి సెప్తారో అమ్మకే సెప్పండి" అని లేచారు.

సరిచేయడం పెద్ద పనేం కాదు. ముందు ఫోటోను నిలబెట్టి, తరవాత చీటీ తియ్యాలి. అంతే. అసలు పని ఆ తరవాత చేశాం. మర్నాడు పొద్దున్నే నేనూ షబానా కూర్చుని నాలుగు వందల ఫోటోలూ ఒక్కొక్కటీ చూశాం. ప్రోగ్రాం చూసుకుంటుందిలే అని ఇరవై ఏళ్ళుగా నేను చెయ్యని పని అది. ఆ పూటలో షబానా ఫోటోలను మొదటిసారి నిజంగా చూశాను. అంతవరకూ నాకవి బరువులే.

పెందుర్తి

మధ్యాహ్నానికి ఇద్దరం పెందుర్తి వెళ్ళాం. కొత్త కాలనీలో చిన్న ఇల్లు. ముందుగదిలో కిటికీ పక్కన మంచం. పైడమ్మ ఎముకల గూడులా ఉంది గానీ చూపు మాత్రం సూటిగా ఉంది. నాయుడిగారు మంచం అంచున కూర్చున్నారు. ఆయన మణికట్టు ఆవిడ గుప్పిట్లో ఉంది.

"ఎవులు బాబూ నువ్వు?"

"ఫోన్‌లో ఫోటోలు పెట్టినవాణ్ణమ్మా. తప్పు నాదే."

 "నా కొడుకుని పడుకోబెట్టీసినావు. సూడకుండా ఎలగ పంపినావు నాయినా?" అంది.

 ఇరవై ఆరేళ్ళలో ఎంతోమంది నన్ను ఎన్నో అడిగారు. ఇంత సరైన ప్రశ్న ఇంకెవరూ అడగలేదు.

కూతురు ఫోన్ తెచ్చింది. పాత ఫోన్, మూల పగిలింది. "నాకు సూపించకండి" అని ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుంది. నేను లింకు నొక్కి ఊపిరి బిగబట్టాను. తెల్ల తెర. గుండ్రంగా తిరుగుతోంది. ఊపిరి వదిలేశాను. ఇంకా తిరుగుతోంది. మా ఆఫీసులో రెప్పపాటులో వచ్చిన పేజీ ఇది. కూతురు నా వైపు చూసిన చూపులో, మళ్ళీ అదేనా అని ఉంది.

అక్కడే ల్యాప్‌టాప్ తీశాను. ఫోటోలు తేలికగానే ఉన్నాయి. వాటికి ముందు దారికి అడ్డంగా ఒకటి కూర్చుంది. స్టూడియో పేరు. బంగారు రంగు అక్షరాలు మెరుస్తూ అటూ ఇటూ కదిలే పెద్ద పట్టీ. ఖాదర్ భాయ్ ముచ్చటపడి చేయించుకున్నది. అది పూర్తిగా దిగితే గానీ ఫోటోలకు దారి లేదు. ఆయన నొచ్చుకుంటాడని నేను దాని జోలికి పోలేదు. అదీ నా తప్పే.

షబానా తండ్రికి ఫోన్ కలిపి నాకిచ్చింది. "భాయ్, మీ పేరు కదిలే పట్టీ తీసేసి, మామూలు అక్షరాలతో ఫోటోల కింద పెట్టాలి. లేకపోతే ఇక్కడ తెరుచుకోదు."

 నలభై ఏళ్ళ పేరది. షబానా గోళ్ళు కొరుక్కుంటోంది.

"పెట్టెయ్" అన్నాడు ఖాదర్ భాయ్. "ముందు అమ్మకి కొడుకు కనబడాల. నా పేరు ఎక్కడికి పోతాది?"

పావుగంట పట్టింది. ఈసారి ఫోన్ నేను పట్టుకోలేదు, షబానా పట్టుకుంది. "మామ్మా, ఒక్కసారి చూడు. బాగోకపోతే నేను మళ్ళీ కెమెరా ముట్టుకోను" అంది. ఆ మాటతో పైడమ్మ మెడ తిప్పింది. ముసలి వేలు పట్టుకుని షబానాయే లింకు మీద ఆనించింది. నేను గాలి పీల్చి బిగబట్టాను.

ఊపిరి వదలక్కర్లేకపోయింది. ముందు మసకగా ఒక ఆకారం, వెంటనే తేటగా నాయుడిగారు. పీట మీద నిటారుగా కూర్చుని, నెత్తి మీంచి నీళ్ళు జారుతుంటే కళ్ళు గట్టిగా మూసుకుని.

పైడమ్మ ఫోన్‌ను దగ్గరికి లాక్కుంది. ఫోటోను చూసింది. పక్కనున్న కొడుకును చూసింది. మళ్ళీ ఫోటోను చూసింది. అప్పటిదాకా పట్టుకున్న మణికట్టు వదిలేసింది.

"ఓలమ్మ. సిన్నప్పుడూ ఇలగే. నాను సెంబు ఎత్తకముందే కల్లు మూసీసీవోడు. అరవై ఏళ్ళొచ్చినా ఈడికి నీల్లంటే బయ్యం పోలేదు."

నాయుడిగారు పెద్దగా నవ్వారు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. కూతురు లోపలికెళ్ళి కంచంలో అన్నం కలుపుకొచ్చింది. ముద్దలు తింటూనే ఆవిడ వేలితో ఒక్కో ఫోటో పైకి జరిపింది. ఒక్కచోట కూడా తిరగలేదు. అన్నీ చూశాక షబానాను దగ్గరికి పిలిచింది.

"నీ సెయ్యి మంచిది. నాకూ ఒకటి తియ్యి."

షబానా కెమెరా తియ్యబోతే వద్దంది. "ఇలగ కాదు. మంచం మీద తియ్యొద్దు. నాను నిలబడ్డాక తియ్యి. నిలబెట్టే పెట్టమని ఈ బాబుకి సెప్పు."

ఆ తరవాత

ఆ ఫోటోలు నాయుడిగారి సెక్టారంతా తిరిగాయి. ఈసారి ఎవరి ఫోన్‌లోనూ ఆగలేదు. పడిపోయిన ఫోటో కథ కూడా ఆయనే నవ్వుతూ అందరికీ చెప్పారు. తప్పు ఒప్పుకోవడానికి పెందుర్తి దాకా వచ్చారన్న మాట నా కోడ్ కంటే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం. మాఘంలో షబానాకు ఊపిరి సలపలేదు. అత్తర్ల సంగతి అడగడానికి వచ్చిన అన్నతో ఖాదర్ భాయ్, "నువ్వు ఇంకో షాపు చూసుకో, దీన్లో పిల్ల ఉంది" అన్నాడట. షట్టరు తాళం ఇప్పుడు షబానా సంచిలో ఉంటుంది.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది కొంచెమే. మీ ఆఫీసు తెరను నమ్మొద్దు. ఊళ్ళోకెల్లా పాత ఫోను, సిగ్నలు సరిగా అందని కిటికీ ఎక్కడున్నాయో వెతుక్కుని అక్కడ కూర్చోండి. మూర్తిగారి ఉబ్బసం ఇప్పుడు ఎవరి చేతిలో ఏ రూపంలో ఉందో కనుక్కోండి. రవ్వంత బరువు తగ్గించబోయే ముందు, ఆ రవ్వలో ఏముందో చూడండి. పంపేముందు ఫోటోను ఫోటోలాగా ఒక్కసారి చూడండి. రిటైరయ్యే దాకా నా జేబులో రెండో ఫోన్ ఒకటి ఉండేది. పైడమ్మ కూతురు కొత్తది కొనుక్కున్నాక అడిగి తెచ్చుకున్న ఆ పాత ఫోనే. మూల పగిలింది అలాగే ఉంది. ఏ గ్యాలరీ తయారుచేసినా ముందు అందులో తెరుచుకోవాలి.

పైడమ్మ నాలుగు నెలలు పట్టుదలగా వాకర్ పట్టుకుని అడుగులు వేసింది. ఆ రోజు షబానా నన్నూ తీసుకెళ్ళింది. ఆవిడ గుమ్మంలో, తాను జారిపడ్డ గుమ్మంలోనే, ఒక చెయ్యి వాకర్ మీద, ఒక చెయ్యి కొడుకు భుజం మీద వేసి నిలబడింది. షబానా కెమెరాను నిలువుగా తిప్పింది.

ఇప్పుడు ఆ సైటులో మొట్టమొదట వచ్చే ఫోటో అదే. ఖాదర్ భాయ్ పేరు దాని కింద మామూలు అక్షరాల్లో ఉంటుంది. పనేమీ తోచని పొద్దున ఆ పాత ఫోన్ తీసి, గాలి పీల్చి బిగబట్టి లింకు నొక్కుతాను. నా ఊపిరి కూడా ఈమధ్య ఎక్కువసేపు ఆగట్లేదు. అయినా నేను వదిలేలోగానే పైడమ్మ గుమ్మంలో నిలబడి ఉంటుంది.